నచ్చలేదు అనడం వేరు, నీది కాదు అనడం వేరు
(పాటా పెత్తనమూ – 9)



ఈ వారం చిందు కళాకారుల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారం తప్పకుండా రాస్తాను. దానికన్నా ముందు ఒక పాత బాకీ తీర్చుకోవాలి.

2024 ఏప్రిల్ 14 రాత్రి జరిగిన సంగతి ఇది. జయంతి సభ అయిపోయింది, బ్యానర్లు మడిచాం, కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పాం. ఓ పది మందిమి మా గదిలో పెద్దకూర, బువ్వ ముందు పెట్టుకుని కూర్చున్నాం. మాలో ఒక చెల్లె ఫోన్‌లో బియాన్సే పాటలు పెట్టింది. అప్పటికి 'కౌబాయ్ కార్టర్' ఆల్బమ్ వచ్చి రెండు వారాలు. మార్చి 29న విడుదలైంది. చెల్లె దాన్ని ఎన్నిసార్లు విన్నదో ఆమెకే లెక్క తెలియదు.

మా తమ్ముడొకడు ఉన్నాడు. ప్యాడ్స్ వాయిస్తాడు, డప్పు అంతకన్నా బాగా కొడతాడు. నాలుగు పాటలు విని నోరు విప్పాడు. "ఏందక్కా ఇది? 27 ట్రాకులు, గంటా పద్దెనిమిది నిమిషాలు. సగం తీసేస్తే బాగుండేది. డాలీ పార్టన్ 'జోలీన్' పాటలో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని బతిమాలుకుంటది. ఈమె దాన్ని బెదిరింపు చేసింది. అసలు నొప్పే పోయింది" అన్నాడు.

చెల్లె ముఖం ఎర్రబడింది. "నువ్వు నాష్‌విల్ తెల్లోడి లెక్క మాట్లాడుతున్నవ్. నల్లజాతి ఆడబిడ్డ ముందుకొస్తే నీకు నొప్పి" అంది.

తమ్ముడు అన్నం కలపడం ఆపేశాడు. "అంటే నచ్చలేదని చెప్పే హక్కు కూడా నాకు లేదా?" అన్నాడు.

మధ్యలో మా పెద్దాయన ఒకరు కలగజేసుకున్నారు. "పోనీయండి బిడ్డా. ఎవరి అభిప్రాయం వాళ్ళది. గౌరవించుకోవాలె" అన్నారు. ఆ మాటతో అందరూ నోరు మూసుకున్నారు. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను నీళ్లు తాగి ఊరుకున్నాను.

ఆ రోజు ఊరుకున్నందుకే ఈ భాగం రాస్తున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. చెల్లె పొరపాటు పడింది. తమ్ముడికి ఒక విషయం తెలియదు. అందరికన్నా ఎక్కువ తప్పింది మా పెద్దాయన మాట.

ముందు తమ్ముడికి తెలియనిది చెప్తాను.

"ఇది కంట్రీ సంగీతమేనా?" అన్న ప్రశ్న మనకు ఇక్కడ కూర్చుని వింటే సాదాసీదాగా ఉంటుంది. రాగం గురించో తాళం గురించో అడుగుతున్నారనుకుంటాం. అమెరికాలో ఆ ప్రశ్నకు వందేళ్ల వయసుంది. 1920లలో అక్కడి రికార్డు కంపెనీలు దక్షిణాది పాటను రెండు గంపల్లో వేశాయి. నల్లవాళ్లు పాడితే 'రేస్ రికార్డులు', తెల్లవాళ్లు పాడితే 'హిల్‌బిల్లీ'. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకరి పాట ఒకరు పాడుకున్న ఊళ్లే అవి. ఒకే పాటను ఇద్దరూ పాడినా అమ్మే గంపలు మాత్రం వేరు. ఆ రెండో గంపే తర్వాత 'కంట్రీ' అయింది.

బాంజో లేకుండా కంట్రీని ఊహించలేం కదా. ఆ బాంజో పడమటి ఆఫ్రికా సొరకాయ బుర్ర వాద్యాల బిడ్డ. బానిసలుగా ఎత్తుకొచ్చినవాళ్ల చేతుల్లో అది అట్లాంటిక్ దాటింది. కార్టర్ ఫ్యామిలీని కంట్రీకి మూలపురుషుల్లా కొలుస్తారు. ఆ ఇంటి పెద్ద ఏ.పి. కార్టర్ పాటలు సేకరించడానికి కొండపల్లెలు తిరిగినప్పుడు పక్కన నడిచింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీని మనసులో పట్టుకొచ్చేవాడు. హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నతనంలో గిటారు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఇక కౌబాయ్‌ల సంగతి చూస్తే, నలుగురిలో ఒకరు నల్లవాడేనని చరిత్రకారుల అంచనా. సినిమాలో ఆ నాలుగోవాడు మనకు కనిపించాడా?

డిఫోర్డ్ బెయిలీ కథ వినండి. మౌత్ ఆర్గాన్‌తో రైలును పరుగెత్తించినవాడు. నాష్‌విల్‌లో కంట్రీకి గుడి లాంటి వేదిక 'గ్రాండ్ ఓల్ ఓప్రీ'. 1927లో ఆ పేరు మొదటిసారి రేడియోలో పలికిన రాత్రి వాయించినవాళ్లలో ఆయన ఉన్నాడు. తోటి కళాకారులతో ఊళ్లు తిరిగేవాడు. వాళ్లు దిగే హోటల్లో ఆయనకు గది ఉండేది కాదు, వాళ్లు తినేచోట ఆయనకు కంచం ఉండేది కాదు. 1941లో ఓప్రీ ఆయన్ను తీసేసింది. ఆ తర్వాత అదే ఊళ్లో బూట్లు పాలిష్ చేసి బతికాడు. 1982లో చనిపోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన పేరు ఎక్కింది 2005లో.

లిండా మార్టెల్ ఇంకొకరు. ఓప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన మొదటి నల్లజాతి మహిళ. అది 1969. మరుసటి ఏడాది 'కలర్ మీ కంట్రీ' అనే ఆల్బమ్ తెచ్చింది. ఆ రికార్డు వేసిన లేబుల్ పేరేమిటో తెలుసా? 'ప్లాంటేషన్ రికార్డ్స్'. బానిసలతో పత్తి తీయించిన తోటల పేరు! సభల్లో బూతులు తిన్నది. కొన్నేళ్లకే ఆ లోకం వదిలేసింది. తర్వాత బతుకుతెరువు కోసం బడి బస్సు కూడా నడిపింది. 'కౌబాయ్ కార్టర్'లో వినిపించే ఆ ముసలమ్మ గొంతు ఆమెదే.

బియాన్సే టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన మనిషి. 2016లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల సభలో 'డాడీ లెసన్స్' పాడితే, ఈమెకు ఇక్కడేం పని అని విరుచుకుపడ్డారు. తనను ఎవరూ రమ్మననట్టు అనిపించిన ఒక అనుభవం నుంచి ఈ ఆల్బమ్ పుట్టిందని ఆమే చెప్పుకుంది. ఏ సభో పేరు చెప్పలేదు, వినేవాళ్లు మాత్రం ఆ రాత్రినే గుర్తు చేసుకున్నారు. 2019లో లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను ఇప్పటి కంట్రీ లక్షణాలు చాలడం లేదని బిల్‌బోర్డ్ తన కంట్రీ జాబితా నుంచి తీసేసింది. అదే పాట మొత్తం పాటల జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 2024 ఫిబ్రవరిలో ఓక్లహోమాలోని ఒక చిన్న రేడియో స్టేషన్‌ను శ్రోత ఒకరు బియాన్సే కొత్త పాట వేయమంటే, మాది కంట్రీ స్టేషన్, ఆమె పాటలు వేయం అని జవాబొచ్చింది. అభిమానులు పట్టుబడితే తర్వాత వేశారు. అడిగిన ఆ పాట 'టెక్సస్ హోల్డెమ్' కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఒక నల్లజాతి మహిళ ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. అందులో బాంజో వాయించింది రియానన్ గిడెన్స్. బాంజో అసలు చరిత్రను లోకానికి చెప్పడానికి ఏళ్లుగా తిరుగుతున్న నల్లజాతి కళాకారిణి ఆమె.

ఇదీ తమ్ముడూ, చెల్లె కోపం వెనకున్న చరిత్ర.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. "ఎవరి అభిప్రాయం వాళ్ళది."

మా నాయన డప్పు కొట్టేవాడు. చావుకు, జాతరకు, చాటింపుకు ఊరికి ఆయనే కావాలి. గడ్డిమంట మీద డప్పు కాపుకుని, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల పట్టుకుని నిలబడితే ఒళ్లు జలదరించేది. పెళ్లిళ్లలో సన్నాయివాళ్లు పందిరి కిందకు వచ్చేవాళ్లు. మా నాయన మాత్రం పందిరి బయట, చెప్పులు విడిచేచోట ఉండేవాడు. ఆయన దరువు పడితే తప్ప ఊరేగింపు కదిలేది కాదు. అయినా ఊళ్లో ఎవరూ దాన్ని సంగీతం అనలేదు. 'మోత' అన్నారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక బడిలో వాద్య పోటీలు పెట్టారు. నాయన డప్పు పట్టుకుని వెళ్లాను. న్యాయనిర్ణేతగా కూర్చున్నాయన నన్ను కొట్టనివ్వలేదు. "ఇది వాద్యం కిందికి రాదు బాబూ" అన్నాడు. ఎందుకు రాదు సార్ అని అడిగాను. నవ్వి, "అది నా అభిప్రాయం, పెద్దవాళ్ల అభిప్రాయాన్ని గౌరవించడం నేర్చుకో" అన్నాడు. పక్కన మృదంగం పట్టుకున్న పిల్లవాడు ఉన్నాడు. వాడి మృదంగానికీ తోలే, నా డప్పుకూ తోలే. ఆ మృదంగానికి తోలు బిగించిన చేతులు ఎవరివో ఆ సారు ఎన్నడైనా ఆలోచించాడో లేదో. మద్రాసులో మృదంగాలు తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, 2020లో ఆ పుస్తకం ఆవిష్కరణకు ఇచ్చిన హాలును కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు సభలోకి వెళ్తుంది. తోలు మాట వెళ్లకూడదు.

ఆ రోజు నేను పోటీలో ఓడిపోలేదు. ఓడిపోయి ఉంటే బాధ ఉండేది కాదు. "దరువు తప్పావు, వేగం ఎక్కువైంది" అని ఆయన అని ఉంటే ఇంటికి వెళ్లి నాయన దగ్గర దిద్దుకునేవాణ్ని. నా డప్పు విననే లేదు. వినకుండా చెప్పినదాన్ని అభిప్రాయం అనవచ్చా?

అందుకే నేను రెండు మాటలను విడదీస్తాను.

"నాకు నచ్చలేదు" అన్నది ఒక మాట. అందులో చెవి ఉంది, వినడం ఉంది. ఎందుకు నచ్చలేదో అడిగితే మనిషి పాటలోకి చెయ్యిపెట్టి చూపిస్తాడు. ఇక్కడ సాగదీసింది, ఇక్కడ మాట పండలేదు అంటాడు. రేపు ఇంకోసారి విని మనసు మార్చుకునే వీలూ ఉంటుంది.

"ఇది నీది కాదు" అన్నది రెండో మాట. అందులో పాట లేదు, పాడే మనిషి ఇల్లు ఎక్కడుందన్న విచారణ ఉంది. ఎందుకని అడిగితే పాటను చూపించలేరు, గడపను చూపిస్తారు. గడప దగ్గర నిలబెట్టి చెప్పే మాటకు అభిప్రాయమని పేరు పెట్టి, దాన్ని గౌరవించమనడం మనల్ని మనం అవమానించుకోమనడమే. అభిప్రాయం చెప్పే మనిషికి గౌరవం ఇద్దాం. తీర్పు చెప్పే మనిషిని మాత్రం ఆ కుర్చీ నీకెవరిచ్చారని అడుగుదాం.

మన తెలుగులోనూ ఈ రెండో మాట తక్కువేం లేదు. 'పాట కవిత్వమవుతుందా?' అని ఎన్ని సభల్లో చర్చించలేదు? గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం' మీద 2021 సంవత్సరానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా ఆ ప్రశ్న ఇంకా చావలేదు. పక్క రాష్ట్రంలో 2021లో 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. ఆ మాటలు రాసి, పాడిన దళిత కళాకారుడు అరివు. ఆ పాట పేరు చెప్పుకుని ఒక సంగీత పత్రిక ముఖచిత్రం వేస్తే అందులో అరివు లేడు. పా. రంజిత్ గట్టిగా అడిగాక, జనం నిలదీశాక, అరివుకు విడిగా ఇంకో ముఖచిత్రం వచ్చింది. పాట కావాలి, పాడినవాడి ముఖం వద్దు. డిఫోర్డ్ బెయిలీకి జరిగిందీ అంతే కదా.

ఇక్కడిదాకా చదివి చెల్లె సంతోషించి ఉంటుంది. ఇప్పుడు చెల్లె వంతు.

చెల్లే, ఆ రాత్రి తమ్ముడు ఏ మాట అన్నాడు? ఇది కంట్రీ కాదన్నాడా? ఈమెకు ఇక్కడేం పని అన్నాడా? అనలేదు. పొడుగైందన్నాడు. 'జోలీన్'లో నొప్పి పోయిందన్నాడు. పూర్తిగా మొదటి మాటే అది. నాలుగు పాటలకే మొత్తం ఆల్బమ్ మీద తీర్పు చెప్పడం తొందరపాటే, ఒప్పుకుంటాను. కానీ తొందరపాటు వేరు, పెత్తనం వేరు. నువ్వు వాడి మాటను తీసుకుపోయి నాష్‌విల్ గడప దగ్గర నిలబెట్టావు. పుట్టినప్పటి నుంచి గడప బయటే నిలబడినవాణ్ని పట్టుకుని కాపలాదారు అన్నావు.

'కౌబాయ్ కార్టర్'ను గట్టిగా విమర్శించినవాళ్లలో నల్లజాతి రచయితలూ ఉన్నారు. ముఖచిత్రం మీద తెల్లగుర్రమెక్కి అమెరికా జెండా పట్టుకున్న బియాన్సేను చూసి, ఈ జెండా మనల్ని ఏం చేసిందో మరిచావా అని అడిగారు. ఇన్నేళ్లుగా నాష్‌విల్‌లో తలుపు తడుతున్న మామూలు నల్లజాతి గాయనుల బతుకు ఒక మహా తార రాకతో మారుతుందా అని అడిగారు. వాళ్లంతా తెల్లవాళ్ల ఏజెంట్లా? ఆ గాయనుల్లో నలుగురిని 'బ్లాక్‌బర్డ్' పాటలో పక్కన నిలబెట్టి పాడించింది బియాన్సే. అది మంచి పని. ఆ మంచిపని చూపించి విమర్శకు జవాబు చెప్పవచ్చు. నోరు మూయించాల్సిన అవసరం లేదు.

చెల్లెకు బుద్ధి చెప్పేంత శుద్ధుణ్నేం కాదు నేను. కొన్నేళ్ల కిందట మా పాటల శిబిరంలో ఒక అమ్మాయి లేచి, మేమంతా ఇష్టంగా పాడుకునే ఒక పాటలో ఒక మాట ఆడవాళ్లను తక్కువ చేస్తోందంది. గొంతు వణుకుతూనే చెప్పింది. ఆ పాట మా పెద్దలు కట్టింది. నేను మైకు తీసుకుని, "బయటోళ్లు మనల్ని తిట్టడానికి కాచుకుని ఉన్నారు, వాళ్ల చేతికి రాయి ఇవ్వకు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూర్చుంది. మరుసటి శిబిరానికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇప్పుడు ఆ పాట వస్తే ఆ మాట దగ్గర నా గొంతు ఆగిపోతుంది. ఆ అమ్మాయి అన్నది నిజం. నన్ను డప్పు కొట్టనివ్వని ఆ సారుకూ, మైకు పట్టుకున్న నాకూ ఆ రోజు తేడా ఏముంది? ఆయన వినకుండా తీర్పు చెప్పాడు. నేను విని కూడా నొక్కేశాను.

మన పాటను మనమే విమర్శించుకోకపోతే అది పాటగా మిగలదు, నినాదమవుతుంది. బయటివాళ్లు 'మోత' అంటారన్న భయంతో లోపలివాళ్లు 'దరువు తప్పింది' అన్నా వినకపోతే, చివరకు నిజంగానే మోత మిగులుతుంది. మా నాయన ప్రతి రాత్రీ డప్పు దింపగానే పక్కవాణ్ని అడిగేవాడు, "ఎట్లుందిరా ఇయ్యాల?" అని. బాగాలేదంటే అలిగేవాడు కాదు. మళ్లీ డప్పు కాపేవాడు.

జయంతి నాడే ఈ గొడవ జరిగింది కాబట్టి బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకుని ముగిస్తాను. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ ఆయన్ను అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. రాసిన ప్రసంగం చూసి, కొన్ని మాటలు తీసేయమంది. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. సొంత డబ్బుతో ప్రసంగాన్ని అచ్చు వేయించారు. అదే 'కుల నిర్మూలన'. దాని మీద గాంధీ తన పత్రికలో విమర్శ రాశారు. బాబాసాహెబ్ ఏం చేశారు? రెండో ముద్రణలో గాంధీ రాసినదాన్ని తన పుస్తకంలోనే అచ్చువేసి, దాని పక్కనే తన జవాబు పెట్టారు. ఆ జవాబులో ఎక్కడా మెత్తదనం లేదు.

అభిప్రాయాన్ని గౌరవించడమంటే నాకు తెలిసి ఇదీ. 'ఎవరిది వాళ్లది' అని చాప చుట్టేయడం గౌరవం కాదు, తప్పించుకోవడం. ఎదుటివాడు పూర్తిగా మాట్లాడేదాకా వినాలి, వాడు అన్నది అన్నట్టే చెప్పాలి, ఆ తర్వాత నీ జవాబు నువ్వు చెప్పాలి. పెద్దాయనా, ఆ రాత్రి మీరు ఆపకపోయి ఉంటే వాళ్లిద్దరూ తెల్లవార్లూ కొట్లాడుకునేవాళ్లు. బాగుండేది. తమ్ముడికి డిఫోర్డ్ బెయిలీ తెలిసేవాడు. చెల్లెకు 'జోలీన్'లో పోయిన నొప్పి ఏమిటో తెలిసేది.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 2024 కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డులకు బియాన్సే పేరు ఒక్క విభాగంలోనూ లేదు. 2025 ఫిబ్రవరి 2న గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్, ఆ ఏటి ఆల్బమ్ రెండూ ఆమెకే వచ్చాయి. కంట్రీ ఆల్బమ్ గ్రామీ ఒక నల్లజాతి కళాకారిణికి రావడం అదే మొదలు. ఆ ఏటి ఆల్బమ్ గౌరవం 1999లో లారిన్ హిల్ తర్వాత ఇంకో నల్లజాతి మహిళకు దక్కడానికి 26 ఏళ్లు పట్టింది. వేదిక మీద ఆమె తలుచుకున్న పేరు లిండా మార్టెల్. కొన్ని నెలలకే గ్రామీలవాళ్లు కంట్రీ ఆల్బమ్ విభాగాన్ని రెండుగా చీల్చారు, 'సంప్రదాయ' కంట్రీకి ఒకటి, 'సమకాలీన' కంట్రీకి ఒకటి. ఆమె గెలిచినందుకే చీల్చారని నేను తేల్చి చెప్పను. కానీ రెండు గంపల కథ తెలిసినవాళ్లకు అనుమానం రావడం తప్పని కూడా అనను.

గ్రామీల రోజు చెల్లె ఏడుస్తూ ఫోన్ చేసింది. తమ్ముణ్ని అడిగాను, ఇప్పుడేమంటావని. "అవార్డొచ్చినా పొడుగు పొడుగే అన్నా" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఆ నలుగురు అక్కలు పాడిన పాట ఒకటి ఉంది చూడు, అది మాత్రం రోజూ వింటున్న" అన్నాడు.

ఇక మిగిలింది నా బాకీ. శిబిరానికి రాకుండా పోయిన చెల్లే, ఇది నీకంట పడుతుందో లేదో తెలియదు. నువ్వన్నది నిజం. ఆ రోజు మైకు నీ చేతి నుంచి లాక్కున్నాను. మన్నించమని అడగను, అది నీ ఇష్టం. వచ్చే శిబిరంలో ఆ పాట మీద చర్చ పెడుతున్నాం, మొదట మాట్లాడే చోటు నీది. నువ్వు రాకపోతే నీ మాటను నేనే చదివి వినిపిస్తాను, ఒక్క అక్షరం తగ్గించకుండా.

వచ్చే వారం చిందు కళాకారులతో కలుద్దాం.

జై భీమ్.